పరీక్ష తేలిక చేస్తే చాలదు, దగ్గరికి తేవాలి

సంపాదకులకు నమస్కారం.

హామ్ రేడియో మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. లైసెన్సు నిబంధనలు సడలిస్తే మన దేశంలో హామ్‌ల సంఖ్య ఇట్టే పెరిగిపోతుందనీ, చుక్కలూ గీతలతో కబురు పంపే మోర్స్ కోడ్ అనే పాతకాలపు గుదిబండను పరీక్షలోంచి పూర్తిగా తీసేస్తే చాలనీ వ్యాసకర్త తేల్చేశారు. నేను కావలిలో రేడియో, టీవీ రిపేరు షాపు పెట్టుకుని బతికినవాణ్ణి. 1980ల చివరి నుంచి లైసెన్సు ఉన్న హామ్‌ని కూడా. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. మిగతా సగం గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గొప్పలున్న చోట కత్తిరించండి, ఫిర్యాదులున్న చోట మాత్రం వద్దు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సెల్ టవరూ ఇంటర్నెట్టూ లేకుండా, సొంత సెట్టుతో, డాబా మీద కట్టిన తీగతో పక్క జిల్లా మొదలు పక్క ఖండం దాకా మాట్లాడటం మా హామ్‌ల సరదా. వ్యాపారానికి వాడకూడదు, పాటలు వెయ్యకూడదు, డబ్బు తీసుకోకూడదు. 1978లో వచ్చిన అమెచ్యూర్ సర్వీస్ రూల్స్ ప్రకారం పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు తెచ్చుకోవాలి. 12 ఏళ్ళు నిండితే ఎవరైనా రాయొచ్చు. లైసెన్సుతో పాటు వీయూ అక్షరాలతో మొదలయ్యే ఒక కాల్‌సైన్ ఇస్తారు. గాలిలో మా పేరు అదే.

ముందు మోర్స్ సంగతి. నేను అది నేర్చుకున్నది బిట్రగుంటలో. రైల్వేలో సిగ్నలర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. సాయంత్రం పూట అరుగు మీద కూర్చోబెట్టుకుని, స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టి వినిపించేవారు. నేను చుక్కలూ గీతలూ వేళ్ళ మీద లెక్కేసుకుంటుంటే, 'లెక్కబెట్టబాక అబ్బయ్యా, పాట మాదిరి విను' అని కసిరేవారు. అప్పట్లో గ్రేడ్ టూ లైసెన్సుకు నిమిషానికి 5 మాటలు, గ్రేడ్ వన్‌కు 12 మాటలు రావాలి. 5 వస్తే 12 అదే వస్తుందిలే అనుకుంటారు గానీ రాదు. మధ్యలో ఒక గోడ ఉంటుంది. షాపు మూసి ఇంటికొచ్చాక రోజూ కూర్చుంటే తప్ప దాన్ని దాటలేం. ఆ గోడ దగ్గరే ఆగిపోయి సెట్టు అటక మీద పెట్టేసిన మంచి మెకానిక్‌లు నాకు తెలుసు. నాకంటే సర్క్యూట్ బాగా తెలిసినవాళ్ళు.

2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో ఈ మోర్స్ షరతును ఎత్తేశారు. ఉంచుకుంటారో తీసేస్తారో ఏ దేశం ఇష్టం ఆ దేశానిది అన్నారు. బ్రిటన్ అదే ఏడాది జూలైలో తీసేసింది. అమెరికా 2007 ఫిబ్రవరిలో పూర్తిగా వదిలేసింది. మనవాళ్ళు పాత గ్రేడులన్నీ కలిపి రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు చేశారు. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ అక్కర్లేదు, 50 వాట్ల దాకా పవరు వాడుకోవచ్చు. జనరల్ కావాలంటే నిమిషానికి 8 మాటలు రావాలి, పవరు 400 వాట్ల దాకా. 2013 జూలైలో ప్రభుత్వం టెలిగ్రామ్ సర్వీసునే మూసేసింది. పోస్టాఫీసులో లేని తంతి మా పరీక్ష గదిలో మాత్రం ఇంకా మోగుతోంది.

నాకు మోర్స్ ప్రాణం. మాట వినపడని గోలలో కూడా అది వినపడుతుంది. అరచేతిలో పట్టే సెట్టు పెట్టుకుని 5 వాట్లతో జపాన్ వాళ్ళతో మాట్లాడిన రాత్రులున్నాయి. అయినా సరే, పరీక్షలో అది ఉండాల్సిన పని లేదు. నాకిష్టమైనది ఊరందరికీ కంపల్సరీ చెయ్యమనడం న్యాయం కాదు. ఇష్టమున్నవాళ్ళు లైసెన్సు వచ్చాక నేర్చుకుంటారు. ఈ మాట అన్నందుకు పాత హామ్‌లు కొందరు నా మీద అలుగుతారు, అలగనివ్వండి. ఇక్కడిదాకా మీ వ్యాసకర్తా నేనూ ఒక పక్షమే.

ఆయన్ని ఒకటి అడుగుతాను. మోర్స్ అక్కర్లేని లైసెన్సు మన దేశంలో చాలా ఏళ్ళుగా ఉంది కదా. ఆ లెక్కన కావలి, కందుకూరు, ఒంగోలు, నెల్లూరు డాబాల మీద ఈపాటికి ఏరియళ్ళు మొలిచి ఉండాలి. జవహర్ భారతి కాలేజీ పక్క వీధుల్లో తిరిగి చూడండి. డిష్‌లు కనపడతాయి, కేబుళ్ళు కనపడతాయి. ఏరియల్ ఒకటి చూపిస్తే వచ్చి టీ ఇప్పిస్తాను.

బయటి దేశాల లెక్క చూసినా ఆయన చెప్పినంత సూటిగా లేదు. అమెరికాలో 1991లో మోర్స్ లేని టెక్నీషియన్ లైసెన్సు పెట్టారు. జనం బాగానే వచ్చారు. 2003 నాటికి లెక్క సుమారు 6 లక్షల 87 వేలకు చేరింది. ఆ తర్వాత పడింది. 2007లో మోర్స్ పూర్తిగా తీసేసేనాటికి ఆరున్నర లక్షల దగ్గరుంది. మళ్ళీ మెల్లగా పెరిగి ఏడున్నర లక్షలు దాటింది. ఇక జపాన్ చూడండి. అక్కడ మోర్స్ లేని నాలుగో తరగతి లైసెన్సు 1950ల చివరి నుంచీ ఉంది. కుర్రకారంతా ఎగబడ్డారు. 1995లో స్టేషన్ల లెక్క 13 లక్షలు దాటింది, ప్రపంచంలో ఎవరికీ లేనంత. అక్కణ్ణించి జారి జారి ఇప్పుడు 4 లక్షల లోపుకొచ్చింది. నిబంధన కఠినం చేసినందుకు కాదు. చాలామందికి అది కారులోంచి స్నేహితుడితో మాట్లాడుకునే సాధనం. సెల్‌ఫోను రాగానే దాని పని అయిపోయింది. తేలిక పరీక్షతో గబగబా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అంతే గబగబా పోయారు.

మన దేశంలో లెక్క కదిలిన సందర్భం ఒకటుంది, దానికీ పరీక్షకూ సంబంధం లేదు. 1984లో హామ్ సెట్ల మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. అప్పటి దాకా వేలల్లో లేనివాళ్ళం 2000 నాటికి పది వేల దాకా అయ్యాం. ప్రధాని రాజీవ్ గాంధీయే హామ్ కావడంతో కాస్త గ్లామర్ కూడా తోడైంది. సెట్టు చేతికందింది, మనుషులు వచ్చారు. విదేశీ సెట్టు కొనే తాహతు నాకు అప్పుడూ లేదు. మద్రాసు రిచీ స్ట్రీట్‌లో ఏరి తెచ్చుకున్న స్పేర్లతో సొంతంగా బిగించుకున్నాను. తర్వాత హైదరాబాద్‌కు చెందిన అశ్హర్ ఫర్హాన్ బిట్‌ఎక్స్ అనే సెట్టు డిజైన్ చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. కాయిల్ చుట్టడానికి కుళాయి వాషర్లు చాలు అందులో. మా షాపు నుంచి రెండు వీధులు నడిస్తే దొరికే సామాను. ప్రపంచమంతా ఆ సెట్టు కట్టుకుంది. కాబట్టి సెట్టు ఖరీదు అన్న సాకు కూడా ఇప్పుడు లేదు.

పరీక్ష తేలికైంది, సెట్టు చవకైంది. మరి అడ్డం ఎక్కడుంది?

పరీక్ష ఉండే ఊరి దగ్గరుంది, పాసైన తర్వాత పట్టే కాలం దగ్గరుంది. నాకు తెలిసిన ముగ్గురి సంగతి చెబుతాను, పేర్లు వద్దు.

మొదటివాడు తుమ్మలపెంట కుర్రాడు. వాళ్ళ నాన్నది చేపల బోటు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివేవాడు, సెలవుల్లో నా దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్నాడు. రెండు నెలల్లో పుస్తకం మొత్తం అప్పజెప్పే స్థితికొచ్చాడు. పరీక్ష చెన్నైలో. ఫీజు ఏమంత పెద్దది కాదు. కానీ ముందు రోజు బయల్దేరాలి, రాత్రికి లాడ్జి, తోడుగా నాన్న, ఆయన ఆ రోజు వేటకు పోడు. ఇంత లెక్కేసుకుని వాళ్ళమ్మ 'ఆ కాగితం వస్తే జీతం వస్తుందా?' అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. చెప్పగలిగిన జవాబు లేదు కూడా. అతను రాయలేదు.

రెండో వ్యక్తి డిగ్రీ చదివే అమ్మాయి. పట్టుదల మనిషి, పోయి రాసింది, పాసైంది. లైసెన్సు ఇచ్చే ముందు విచారణ ఉంటుంది. అది ఉండాలి, నేను కాదనను. మనది సముద్ర తీరం, దక్షిణాన రాకెట్ కేంద్రం. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత ఈ తీరంలో వైర్‌లెస్ అన్న మాటకే జనం ఉలిక్కిపడ్డ రోజులు నేను చూశాను. కానీ విచారణకు వచ్చిన వ్యక్తికి అసలిది ఏ లైసెన్సో తెలియదు. వాకిట్లో నిలబడి 'మీ అమ్మాయి ఎవరితో మాట్లాడాలని?' అని అడిగాడు. ఇరుగుపొరుగు గుమిగూడారు. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న నా షాపుకొచ్చి, 'అన్నా, మాకెందుకన్నా ఇది, పెళ్ళి కావాల్సిన పిల్ల' అన్నాడు. ఎవరొచ్చారు, ఎక్కణ్ణించి వచ్చారు అన్నది ఇక్కడ రాయను. ఒక మనిషి తప్పు కాదది. ఏం అడగాలో ఒక్క పేజీలో రాసి కింది దాకా పంపితే తీరేది.

మూడోవాడు పాసయ్యాడు, విచారణా దాటాడు. కాగితం చేతికొచ్చేసరికి బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. మా లైసెన్సు మనిషికే కాదు, స్టేషన్ పెట్టిన చిరునామాకు కూడా ముడిపడి ఉంటుంది. ఇల్లు మారితే మళ్ళీ రాసుకోవాలి. అతను రాసుకోలేదు. లైసెన్సు ఫ్రేము కట్టించి వాళ్ళమ్మ గోడకు తగిలించింది. సర్కారు లెక్కలో అతను హామే. గాలిలో నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఈ మూడోవాడి దగ్గరే లెక్కల తిరకాసంతా ఉంది. ఇప్పుడు 20 ఏళ్ళకు 1,000 రూపాయలు, జీవితాంతానికి 2,000 రూపాయలు కడితే లైసెన్సు ఇస్తారు. మంచిదే, మాటిమాటికీ రెన్యువల్ టెన్షన్ తప్పింది. కానీ సెట్టు అమ్మేసినవాళ్ళూ అందులోనే ఉంటారు, కాలం చేసినవాళ్ళూ ఉంటారు. కాలం చేసిన హామ్‌ని మేము సైలెంట్ కీ అంటాం. అమెరికాలో పదేళ్ళ లైసెన్సు కాబట్టి అక్కడి ఏడున్నర లక్షల్లోనూ ఇలాంటి పేర్లు కొన్ని ఉంటాయి. 2007 ప్రాంతంలో మన దేశంలో 16 వేలకు పైగా హామ్‌లున్నారని రాసేవారు. ఆ అంకెలో రోజూ సెట్టు ఆన్ చేసేవాళ్ళు ఎందరో తెలియకుండా అది పెరిగిందనీ తగ్గిందనీ వ్యాసాలు రాసుకుంటే ఏం లాభం?

పలికేవాళ్ళు ఎందరన్నది నాకు 2021 నవంబరులో తెలిసొచ్చింది. పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. హైవే తెగింది. కావలికీ నెల్లూరుకూ మధ్య ఉన్న దూరమెంత, ఆ పూట అది దాటరాని దూరమైంది. ఫోన్లు ఒకసారి మోగేవి, ఒకసారి లేదు. నేను బ్యాటరీ మీద 7 మెగాహెర్ట్జ్‌లో కూర్చుని నెల్లూరు, నెల్లూరు అని పిలిచాను. బెంగళూరు పలికింది, చెన్నై పలికింది, హైదరాబాద్ పెద్దాయన ఒకరు పలికి యోగక్షేమాలు అడిగారు. నెల్లూరు పలకలేదు. అదృష్టం, ఆ సారి సెల్ టవర్లు పూర్తిగా పడిపోలేదు కాబట్టి హామ్‌ల అవసరం రాలేదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో టవర్లు పడిపోయాయి, అప్పుడు హామ్‌లు వెళ్ళి పనిచేశారు. 2004 డిసెంబరు సునామీ నాటి సంగతి మరీ చెప్పుకోదగ్గది. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ అనే హామ్ అండమాన్‌లో ఉన్నారు. ఆమె వెళ్ళింది సరదాకే, అరుదైన చోటు నుంచి ప్రపంచంతో మాట్లాడటానికి. సునామీ రాగానే ఆ సెట్టే ద్వీపాల నుంచి కబుర్లు మోసింది. ఆమె అక్కడ ఉండగలిగింది ముందుగా అనుమతి దొరికినందుకు. తుపాను వచ్చాక అప్లికేషన్ పెట్టుకుంటే లైసెన్సు వచ్చేలోపు ఇంకో తుపాను వస్తుంది.

ఇంకో వైపూ చూడాలి. లైసెన్సు ఉన్నవాడు పెరగలేదు గానీ లైసెన్సు లేని సెట్లు మాత్రం కుప్పలు. బావోఫెంగ్ లాంటి చైనా వాకీటాకీలు ఆన్‌లైన్లో చెప్పుల జత ధరకు దొరికేవి. కొన్నవాళ్ళకు అది నేరమనే తెలియదు. నా షాపుకే రిపేరుకు తెచ్చారు, ముట్టుకోలేదు. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ అమ్మకాలపై ఆన్‌లైన్ కంపెనీలకు నోటీసులిచ్చింది. మంచి పనే. అయితే వాకీటాకీ మీద మోజుపడ్డ కుర్రాణ్ణి నోటీసుతో భయపెట్టడం దగ్గరే ఆగిపోకూడదు. వాడే రేపటి హామ్. వాడికి సక్రమమైన దారి దగ్గర్లో లేకపోతే అడ్డదారి ఫోనులోనే ఉంది.

దారి దగ్గర చెయ్యడం ఎలాగో అమెరికా 1984 నుంచీ చూపిస్తోంది. మోర్స్ తీసేసిన సంగతే అందరూ చెబుతారు గానీ అంతకన్నా పెద్ద మార్పు ఇదని నా అభిప్రాయం. పరీక్ష పెట్టే పనిని సర్కారు తన ఆఫీసుల నుంచి తీసి, సీనియర్ హామ్‌ల చేతికి వాలంటీర్లుగా అప్పజెప్పింది. చర్చి హాల్లో, స్కూల్లో, లైబ్రరీలో శనివారం పూట పరీక్ష. ప్రశ్నల బ్యాంకు అందరికీ తెలుసు. పాసైనవాళ్ళకు కొద్ది రోజుల్లో కాల్‌సైన్ వస్తుంది. 2020లో కరోనా వచ్చాక ఇంట్లో కెమెరా ముందే రాయించారు. అక్కడ పల్లెటూరి పిల్లవాడికి లాడ్జి ఖర్చు లేదు.

మన దగ్గరా కొంత నయమైంది. టెలికం శాఖ వాళ్ళ సరళ్ సంచార్ పోర్టల్లో అప్లికేషన్ పెట్టుకోవచ్చు. స్పీడ్ పోస్టు రసీదులు బీరువాలో దాచుకుని ఏడాది పొడుగునా ఎదురుచూసిన కాలంతో పోలిస్తే ఇది స్వర్గం. పైగా 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ చట్టం వచ్చింది. పాత రూల్సు తిరగరాసే సమయం ఇది. మా ఎంపీలు, కలెక్టర్లు ఈ ఉత్తరం చదివితే ఢిల్లీకి ఒక్క ముక్క రాయొచ్చు.

మాకు కావలసింది పెద్దదేం కాదు. ఆరు నెలలకోసారి నెల్లూరులోనో ఒంగోలులోనో పరీక్ష పెట్టాలి. రెండు చోట్లా ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ ల్యాబులున్నాయి, ఆదివారం ఖాళీగానే ఉంటాయి. సర్కారు తరఫున ఒక్క అధికారి వస్తే చాలు, మిగతా ఏర్పాట్లు హామ్ క్లబ్బులు చూసుకుంటాయి. విచారణకు గడువు పెట్టాలి, ఆ గడువులోగా అభ్యంతరం చెప్పకపోతే అభ్యంతరం లేనట్టే లెక్కవెయ్యాలి. పరీక్ష రాసిన నాటి నుంచి కాల్‌సైన్ వచ్చేనాటికి సగటున ఎన్ని రోజులు పడుతోందో ఏటా బయటపెట్టాలి. ఇల్లు మారినవాళ్ళు ఫోన్లోనే చిరునామా మార్చుకునేలా చెయ్యాలి. ఇవేవీ పరీక్షను తేలిక చేసేవి కావు. నన్నడిగితే రేడియో సిద్ధాంతం పేపరు ఇంకాస్త గట్టిగానే ఉండొచ్చు. తెలివికి లోటు లేదు మా పిల్లలకు, బస్సు చార్జీలకే లోటు.

ఒకటి చెప్పడం మరిచాను. 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ సీ6 రాకెట్ మీద హామ్‌ల కోసమే చేసిన హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహం వెళ్ళింది. బరువు నలభై రెండున్నర కిలోలు. వెళ్ళింది శ్రీహరికోట నుంచి, అప్పటికి అది మా నెల్లూరు జిల్లానే. తొమ్మిదేళ్ళు పనిచేసింది. పీవీసీ పైపుకు అల్యూమినియం కడ్డీలు బిగించి డాబా మీద నిలబడి నేను దాని ద్వారా మాట్లాడాను. యూరప్ వాళ్ళు, జపాన్ వాళ్ళు వాడుకుని మెచ్చుకున్నారు. దాన్ని పంపిన జిల్లాలో వాడుకున్నవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమే.

పరీక్ష నెల్లూరులో పెట్టినా ఒంగోలులో పెట్టినా బల్లలు సర్దడానికీ, పిల్లలకు ముందు నెల రోజులు పాఠాలు చెప్పడానికీ నేను వస్తాను. కరెంటు పోతే నా బ్యాటరీ, ఇన్వర్టరూ తెస్తాను. భోజనం కూడా నాదే. తుమ్మలపెంట కుర్రాడు ఇప్పుడు జువ్వలదిన్నె దగ్గర బోట్లకు వైరింగ్ చేస్తున్నాడు. పుస్తకం ఇంకా అతని దగ్గరే ఉంది, తిరిగివ్వమని నేను అడగలేదు.

ఇట్లు,
ఒక రేడియో మెకానిక్,
కావలి, నెల్లూరు జిల్లా.